ఊకలో దాచిన ఐసుగడ్డ

మొన్న మధ్యాహ్నం పక్కింటి అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. సూర్యాపేటలో మేముండే ఈ సందులో అందరూ నన్ను డాక్టరమ్మ అంటారు. నేను సూదిమందు వేసే డాక్టరును కాను తల్లీ, హార్మోన్ల మీద ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన మనిషిని అని ఎంత చెప్పినా వినరు, మోకాళ్ళ నొప్పులకు గోలీలు అడుగుతూనే ఉంటారు, విసుక్కొని విసుక్కొని నేనే చెప్పటం మానుకున్నాను. ఆ అమ్మాయి కొడుకు రెండో తరగతి చదువుతున్నాడు, ఈమధ్యే వాడికి షుగరు ఉన్నట్టు బయటపడింది. ఎండలో మందుల షాపుకు పోయి వచ్చినట్టుంది, మొహమంతా కందిపోయి, ఇన్సులిన్ పెన్నులున్న తెల్లటి థర్మాకోల్ పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకొని నిలబడింది. "డాక్టరమ్మా, కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ల చల్లదనం ఆగుతలేదు, ఇగ వీటిని పైన డీప్ ఫ్రీజర్ల పెట్టేస్తా, మంచిదే గద?" అంది.

"వద్దు!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. ఆ పిల్ల హడలిపోయింది, వెనకాల నిలబడ్డ పిల్లవాడు తల్లి కొంగులో మొహం దాచుకున్నాడు. తరువాత ఇద్దరినీ కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పెట్టె మీద అచ్చువేసిన మంచుపువ్వు బొమ్మను, దాని మీద కొట్టిన అడ్డగీతను చూపించి, ఈ మందు చల్లగా ఉండాలే గాని గడ్డకట్టకూడదని నెమ్మదిగా చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక, గడ్డకట్టిన ఇన్సులిన్ అన్న మాట నా జీవితంలో ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు, అందుకని నా ఈడువాళ్ళయిన మీకు చెప్పుకుంటున్నాను.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలాక మా వైపు వరి విరగబడి పండటం, దాని వెనకే రైసుమిల్లులు పుట్టగొడుగుల్లా లేవటం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా నాయనకూ ఒక మిల్లు ఉండేది. పెద్దదేమీ కాదు, ఉడకబెట్టిన వడ్ల వాసనతో, పట్టాల చప్పుడుతో, వెనకాల ఇంటికప్పు అంత ఎత్తున ఊక కుప్పతో ఉండేది. ఆ ఊకలో పడి దొర్లి, ఒళ్ళంతా దురదలు పెట్టుకొని, అమ్మ చేత తిట్లు తిని, మర్నాడు మళ్ళీ అందులోనే దొర్లేవాళ్ళం, నేనూ మా తమ్ముడూ. ఆ రోజుల్లో ఫ్రిజ్ అనేది ఎవరింట్లోనో ఉంటుందట అని చెప్పుకోవడమే గాని మేము చూసింది లేదు. పెళ్ళిళ్ళకైనా, సోడా బండ్లకైనా, చెరుకురసం బండ్లకైనా ఫ్యాక్టరీ నుంచి ఐసుగడ్డలు రిక్షాలో వచ్చేవి, వాటిని గోనెలో చుట్టి ఊకలో పూడ్చేవాళ్ళు. ఊకలో పూడిస్తే ఐసు తొందరగా కరగదు. అందుకని ఊళ్ళో ఐసు దాచాల్సిన ప్రతివాడూ ఒక సంచి పట్టుకొని మా మిల్లుకే వచ్చేవాడు, నాయన ఎవరినీ కాదనేవాడు కాదు.

కుల్ఫీ బండాయన కూడా అట్లాగే వచ్చేవాడు. చెక్క బకెట్టులో ఐసును సుత్తితో కొట్టిపోసి, దాని మీద దొడ్డుప్పు చల్లి, మధ్యలో పాల గొట్టాలు దించేవాడు. ఉప్పు ఎందుకని మేమడిగితే, ఉప్పు తగిలితే ఐసుకు కసి ఎక్కుతుందని నవ్వుతూ చెప్పేవాడు. ఆ మాట మా నాయన కూడా విన్నాడు. వినకపోయి ఉంటే ఎంత బాగుండేది అని ఇప్పటికీ అనుకుంటాను.

మా తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. మాటకారి, పేచీకోరు, ఇంటిల్లిపాదికీ ముద్దు. వాడు రెండో తరగతిలో ఉండగా ఉన్నట్టుండి నీళ్ళు తాగటం మొదలుపెట్టాడు, ఇంట్లో కుండ చాలక మిల్లులో హమాలీల కుండ దగ్గరికి పోయి చెంబులకు చెంబులు ఎత్తేవాడు. ఎంత తిన్నా బక్కచిక్కి పోతున్నాడు. వాడు పెరట్లో ఒంటేలుకు కూర్చున్న చోట చీమలు బారులు కట్టడం ముందుగా మా నాయనమ్మ చూసి అమ్మను పిలిచి చూపించింది. హైదరాబాదు తీసుకుపోతే అక్కడి డాక్టరు చక్కెర జబ్బన్నాడు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. చక్కెర జబ్బు కూర్చొని తినే షావుకార్లకు గదా వచ్చేది, ముక్కుపచ్చలారని పిల్లవాడికి రావటమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ సూదులు వెయ్యాలి, మందును చల్లగా ఉంచాలి, ఎండ తగలనీయవద్దు అని డాక్టరు చెప్పిన మాటలు నాయన దారి పొడుగునా మంత్రంలా వల్లెవేసుకుంటూ వచ్చాడు.

మందు మా ఊళ్ళో దొరికేది కాదు. కోదాడలో ఉండే మా మేనమామ బెజవాడ పోయి తెచ్చేవాడు, హైవే మీది ఊరు గనుక ఆయనకు పొద్దున పోయి సాయంత్రానికి రావటం తేలిక. సీసాలు ఫ్లాస్కులో పట్టాలని వాటి అట్టపెట్టెలు, వాటిలోని కాగితాలు అక్కడే పారేసి, వట్టి సీసాలనే మంచినీళ్ళ ఫ్లాస్కులో పెట్టి తెచ్చేవాడు. "బావా, ఎండన పెట్టమాకండి, చల్లగా ఉంచితేనే పనిచేస్తదంట" అని వచ్చిన ప్రతిసారీ ఆయన కూడా అదే చెప్పేవాడు. అందరూ చల్లగా అన్నవాళ్ళే, ఎంత చల్లగా అని చెప్పినవాళ్ళు లేరు.

మొదటి చలికాలమంతా బాగానే గడిచింది. కొత్త కుండలో తడి ఇసుక పోసి, అందులో సీసాను నిలబెట్టి, పైన తడిగుడ్డ కప్పేది అమ్మ. గాజు సిరంజిని గిన్నెలో ఉడకబెట్టి, సూది మొద్దుబారితే నాయన సన్నరాయి మీద ఓపిగ్గా సాన పట్టేవాడు. సూది వేసేటప్పుడు నేను వాడి ఎదురుగా కూర్చొని బుగ్గలు పూరించాలి, లేకపోతే వాడు తొడ చూపించడు. రోజూ పొద్దున ఒంటేలు పరీక్ష ఉండేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఒంటేలు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది, కొంచెముంటే ఆకుపచ్చ, ఇంకొంచెముంటే పసుపు, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. ఈ రంగులకు వాడు పేర్లు పెట్టుకున్నాడు. నీలం వస్తే కాలువకు నీళ్ళొచ్చినయ్ అనేవాడు. ఆకుపచ్చ వస్తే నారు పోసినం, పసుపు వస్తే వరి కోతకొచ్చింది, ఇటుక రంగు వస్తే బట్టీ పెట్టిన్రు. పొద్దున్నే మిల్లు నుంచి నాయన కేకవేసి "ఏమొచ్చిందిరా?" అనడిగేవాడు, వీడు పెరట్లోంచి "నీళ్ళొచ్చినయ్ నాయినా!" అని అరిచేవాడు, అది విని హమాలీలు కూడా నవ్వేవాళ్ళు. ఆ చలికాలం మా ఇంట్లో కాలువకు చాలాసార్లు నీళ్ళొచ్చాయి.

ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండల సంగతి మీకు చెప్పాలా, మధ్యాహ్నం పూట కాకి కూడా బయటికి రాదు. కుండలో ఇసుక గంటకోసారి తడిపినా వెచ్చబడుతోంది. నాయనకు నిద్ర పట్టకుండా పోయింది, మందు పాడైపోతే పిల్లవాడేమవుతాడని ఒకటే దిగులు. చివరికి ఆయనకు తోచిన ఉపాయం మిల్లు నడిపే మనిషికి తోచేదే. ఒక చెక్కపెట్టె చేయించి, నిండా ఊక పోసి, ఫ్యాక్టరీ నుంచి రోజూ ఐసుగడ్డ తానే స్వయంగా సైకిలు మీద తెచ్చి, కొట్టి ముక్కలు చేసి సత్తుడబ్బాలో పోసి, ఆ ముక్కల మధ్య సీసా పెట్టి, డబ్బాను ఊకలో పూడ్చాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఐసు ఇంకా గట్టిగా నిలవాలని, కుల్ఫీ బండాయనను అడిగి మరీ, దాని మీద గుప్పెడు దొడ్డుప్పు చల్లాడు.

మర్నాడు పెట్టె తెరిస్తే ఐసు ఇంకా ఉంది, సీసాలో మందు రాయిలా గడ్డకట్టి ఉంది. నాయన మొహం వెలిగిపోయింది. "సూసినవా, జర్రంత గూడ కరగలే" అని అమ్మకు చూపించాడు. అమ్మ ఆ సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకొని, రుద్ది రుద్ది కరిగించి, సూది వేసింది. ఆ తరువాత ప్రతిరోజూ అదే పద్ధతి. కరిగిన మందు అడుగున తెల్లటి రవ్వలాంటిది కనిపించేది, గాజుకు అక్కడక్కడా అంటుకొని ఉండేది. మందు అడుగున పేరుకుంటే కలపమన్నారు గదా అని అమ్మ దాన్ని బాగా కలిపేది. ఇంటి పనులన్నీ పక్కన పెట్టి, ఎంత ప్రేమగా కలిపేదో నా కళ్ళతో చూశాను.

కాలువకు నీళ్ళు రావడం ఆగిపోయింది. రోజూ ఇటుక రంగే. మోతాదు పెంచమని డాక్టరు కబురు చేస్తే పెంచారు, అయినా ఇటుక రంగే. వాడు నీరసపడిపోయాడు, పేచీలు మానేశాడు, బుగ్గలు పూరించకపోయినా తొడ చూపించేవాడు. నాకు అన్నిటికన్నా భయం వేసింది దానికే. ఒక పొద్దున వాడి ఊపిరిలోంచి మాగిపోయిన పండు వాసన వచ్చింది, ఎంతో దూరం పరుగెత్తి వచ్చినవాడిలా ఎగశ్వాస పెడుతున్నాడు. హైదరాబాదు తీసుకుపోవాలని నాయన కారు మాట్లాడుకు రావటానికి పరుగెత్తాడు. అమ్మ సూది సిద్ధం చేస్తోంది, నేను అలవాటు ప్రకారం గాజు గొట్టం కాచాను. వాడు కళ్ళు సగం తెరిచి, "నీళ్ళొచ్చినయా అక్కా?" అన్నాడు. గొట్టంలో ఇటుక రంగు. నేను గొట్టాన్ని వీపు వెనక్కి దాచుకొని వచ్చినయిరా అన్నాను. కాసేపటికి వాడు పోయాడు.

నాయన కారు తీసుకొని వచ్చాడు, ఒట్టి కారు కాదు, దారిలో మందు వేడెక్కకూడదని ఫ్యాక్టరీ దగ్గర ఆగి కొత్త ఐసుగడ్డ కూడా గోనెలో చుట్టి తెచ్చాడు. ఇంట్లోంచి ఏడుపులు విని దాన్ని కారులోనే వదిలి లోపలికొచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆ గడ్డ కారులోనే కరిగి, నీళ్ళు వాకిట్లోకి కారి, మట్టిలో చిన్న కాలువ కట్టాయి. ఎవరికీ దాన్ని తీయాలన్న ధ్యాస లేదు.

ఆ తరువాత మా నాయనకు జీవితంలో ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది, మందు ఎందుకు పట్టలేదు అని. లోపం ఎక్కడ జరిగిందని డాక్టర్లను అడిగాడు, వచ్చిన చుట్టాన్నల్లా అడిగాడు, అడగటానికి ఎవరూ లేకపోతే భోజనం దగ్గర తనను తానే అడుక్కునేవాడు. నన్ను ఆడపిల్లవు నీకెందుకు అనకుండా సైన్సు చదివించింది ఆ ప్రశ్నే. మా కులంలో ఆడపిల్లకు పదో తరగతి అయితే సంబంధాలు చూసే రోజుల్లో, నన్ను హైదరాబాదులో హాస్టల్లో వేసి, "నువ్వు ఆ మందు సంగతే చదువు బిడ్డా, అది మనోనికి ఎందుకు పట్టలేదో సూడు" అన్నాడు. నేనదే చదివాను. పెళ్ళి ఊసు ఎత్తినప్పుడల్లా ఇంకొక పరీక్ష ఉందని చెప్పి చెప్పి, చివరికి ఆ ఊసే లేకుండా పోయింది.

ఏం చదివానో మీకు మా మిల్లు భాషలోనే చెబుతాను. ఒంట్లో హార్మోను అనేది కబురు. ఇన్సులిన్ తాను కణం లోపలికి పోదు, గేటు దగ్గరే నిలబడి కేకవేస్తుంది. మా మిల్లు ముందర వడ్ల బండి ఆగి బండివాడు కేక వేస్తే, కావలివాడు గుమాస్తాకు, గుమాస్తా మేస్త్రీకి, మేస్త్రీ హమాలీలకు చెప్పి, ఒకరినుంచి ఒకరికి కబురందితే గేటు తెరుచుకొని వడ్లు లోపలికి పోయేవి చూశారా, కణంలోనూ సరిగ్గా అంతే. ఒక ప్రోటీను ఇంకొక ప్రోటీనుకు ఫాస్ఫేటు అనే చిన్న చీటీ అంటిస్తుంది, అది మరొకదానికి అంటిస్తుంది, ఆ వరస చివర తలుపు తెరుచుకొని చక్కెర లోపలికి పోతుంది. కేకవేసేవాడే రాకపోతే బయట బండ్లు బారులు తీరి ఉంటాయి, లోపల మిల్లు వట్టిగా తిరుగుతుంది. నెత్తుటి నిండా చక్కెర ఉండి కూడా మా తమ్ముడు ఆకలితో మాడిపోయింది అందుకే. ఆ కబురు ఎవరినుంచి ఎవరికి పోతుందో వెతకటమే నా ఉద్యోగం. హార్మోన్లంటే ఆడవాళ్ళ జబ్బులేనా అని అడిగే చుట్టాలకు మాత్రం నేను ఏనాడూ సమాధానం చెప్పలేదు, నాకంత ఓపిక లేదు.

పరిశోధనలో చేరిన తొలి ఏళ్ళలో ఒకనాడు ప్రయోగశాలలో నేను పెంచుతున్న కణాలు మొండికేశాయి. ఎంత ఇన్సులిన్ వేసినా ఉలుకూ పలుకూ లేదు. మా గైడుగారు వచ్చి సీసా తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశారు. ఎవరో పొరపాటున ఫ్రిజ్‌లో పైన ఐసు పేరుకునే అరలో పెట్టినట్టున్నారు, గడ్డకట్టి మళ్ళీ కరిగింది, అది ఇంక మందు కాదు పారెయ్యమ్మా అని చెప్పి తన పనిమీద వెళ్ళిపోయారు. నేను సీసా పైకెత్తి చూశాను. అడుగున తెల్లటి రవ్వ ఉంది, గాజుకు అక్కడక్కడా అంటుకొని ఉంది. నేను దాన్ని ఇంతకుముందు చూశాను, అమ్మ అరచేతుల మధ్య చూశాను.

అయినా సైన్సు చదివినదాన్ని గదా, నమ్మకుండా ఉండటానికి చేయగలిగిందంతా చేశాను. కొత్త సీసాలు కొన్నాను, ఐసు తెప్పించాను, దొడ్డుప్పు తెప్పించాను. వట్టి ఐసు ముక్కల్లో పెట్టిన సీసా చెక్కుచెదరలేదు, దానితో కణాలు చక్కగా పలికాయి. ఉప్పు చల్లిన ఐసులో పెట్టిన సీసా గడ్డకట్టింది, దానితో పలకలేదు. ఉప్పు తగిలిన ఐసు మామూలు ఐసుకన్నా ఇంకా చల్లబడి, పక్కనున్నదాన్ని గడ్డకట్టిస్తుంది. తప్పు ఐసుది కాదు, ఊకది కాదు, ఆ గుప్పెడు ఉప్పుది. ప్రయోగశాల మెట్ల మీద కూర్చుండిపోయాను. తమ్ముడు పోయినందుకు నేను చిన్నప్పుడే ఏడ్చాను, ఆ రోజు మా నాయన కోసం ఏడ్చాను.

తరువాతి సెలవులకు ఊరికి పోయినప్పుడు, అలవాటు ప్రకారం, కాళ్ళు కడుక్కోకముందే నాయన అడిగాడు, మందు ఎందుకు పట్టలేదో తెలిసిందా అని. పక్కన అమ్మ కూడా చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూస్తోంది. తెలిసింది నాయినా అన్నాను. కొంతమంది ఒంట్లో కణాలకు తలుపులే ఉండవు, ఎంత మంచి మందైనా వాళ్ళకు పట్టదు, మనం చేయగలిగింది ఏమీ లేదు అని చెప్పాను. అట్లాంటి జబ్బు లోకంలో లేకపోలేదు, చాలా అరుదు, కాని ఉంది. మా తమ్ముడిది మాత్రం అది కాదు, వాడి తలుపులు చలికాలమంతా చక్కగా తెరుచుకున్నాయి. నాయన చివరిదాకా విన్నాడు. తరువాత లేచి మిల్లులోకి పోయి హమాలీలకు చెప్పాడు, "మా పిలగాని ఒంట్ల తలుపులు లెవ్వట. మందుది తప్పు లేదట, మనది గూడ తప్పు లేదట" అని. ఆ రాత్రి చాలా ఏళ్ళ తరువాత ఆయన గురకపెట్టి నిద్రపోయాడని అమ్మ చెప్పింది. అబద్ధం చెప్పానని నేను ఏనాడూ బాధపడలేదు, ఇప్పటికీ పడను. సైన్సు నిజం చెప్పమంటుంది, సరే, కాని మా ఇంట్లో ఆ నిజంతో బాగుపడేవాళ్ళు ఎవరూ లేరు.

అమ్మ ఆ మాట నమ్మే కన్నుమూసింది. మిల్లు అమ్మేశాం. రిటైరయ్యాక నేను సూర్యాపేటలో ఈ ఇల్లు తీసుకొని నాయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఎనభై దాటిన వయసులో ఆయనకూ షుగరు వచ్చింది, కొన్నాళ్ళు గోలీలతో నెట్టుకొచ్చాం, తరువాత గోలీలు పనిచేయక ఇన్సులిన్ రాశారు. నేను తెలివిగానే ఉన్నాననుకున్నాను. మందు నేనే తెస్తాను, నేనే దాస్తాను, నేనే వేస్తాను, ఆయన చెవిన ఏమీ పడనీయను అనుకున్నాను. దవాఖానలో నేను చీటీ మీద సంతకం పెట్టించుకోవటానికి పక్క గదికి పోయిన ఆ కాస్త వ్యవధిలో, ఒక చిన్న నర్సమ్మ, బంగారం లాంటి పిల్ల, తన పని తాను శ్రద్ధగా చేస్తూ ఆయన పక్కన కూర్చొని చెబుతోంది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి చివరి మాటలు వినబడ్డాయి. "తాతా, చల్లగుండాలె గని గడ్డకట్టొద్దు. ఐసుల పెట్టి గడ్డకట్టిచ్చినవనుకో, ఇగ ఖతం, అండ్ల మందుండది. కరిగిచ్చి ఏసినా పని చెయ్యది. యాదుంటదా?"

యాదుంటది బిడ్డా అన్నాడు నాయన. ఆ పిల్ల నవ్వి ఇంకొకరి దగ్గరికి పోయింది.

ఆటోలో ఆయన రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను ఏదో కూరగాయల సంగతి ఎత్తాను, ఎండల సంగతి ఎత్తాను. ఇంటికొచ్చి మంచం మీద కూర్చొని మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. తాగలేదు, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఎవరో చిన్నపిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు, మెల్లగా అన్నాడు.

"దొడ్డుప్పు గూడ ఏసిన్నే బిడ్డా."

"మీ అమ్మ ఉప్పెందుకయ్యా అన్నది. నీకేమెరుక అన్న" అన్నాడు. మళ్ళీ, "మీ అమ్మకు తెల్వదు గద?" అన్నాడు. తెల్వది నాయినా అన్నాను. మంచిగైంది అన్నాడు. ఆ తరువాత తలెత్తి నా మొహం చూశాడు, నేను ఆశ్చర్యపోలేదని, ఇది నాకు కొత్త సంగతి కాదని ఆయనకు అప్పుడు అర్థమైంది. "నీకు ఎప్పటిసంది ఎరుక?" అన్నాడు. చానా ఏండ్లయింది అన్నాను. ఆయన నన్ను తిడతాడనుకున్నాను, తలుపులు లేవని ఎందుకు చెప్పినవని నిలదీస్తాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ చాపి, నన్ను దగ్గరికి పిలిచి, నా తల నిమిరి, "ఇన్నేండ్లు ఒక్కదానివే మోసినవా తల్లీ" అన్నాడు. అని ఏడ్చాడు. తమ్ముడు పోయిన రోజున కూడా మా నాయన ఏడవటం నేను చూడలేదు. ఇద్దరం ఏడ్చాం, పొద్దుగూకేదాకా ఏడ్చాం, ఆ ఏడుపుతో గుండె తేలికపడిందని చెప్పడానికి లేదు, నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఆయన ఆ తరువాత ఎక్కువకాలం లేడు. ఇంజెక్షను వద్దని మాత్రం ఏనాడూ అనలేదు, బుద్ధిమంతుడిలా వేయించుకునేవాడు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టనీయలేదు, కుండలో తడి ఇసుక పోయించి తన మంచం పక్కనే పెట్టించుకున్నాడు, వేసే ముందు ప్రతిసారీ కిటికీ దగ్గరికి పోయి సీసా పైకెత్తి అడుగున రవ్వ ఉందేమో చూసేవాడు. సీసా పట్టుకొని అంత సేపు ఎందుకు చూస్తున్నాడో తెలిసి, నేను పక్కగదిలోకి తప్పుకునేదాన్ని. వేలు మీద పొడిచి మిషనులో చూస్తే అంకె వస్తుంది గదా, ఆయనకు అంకె అక్కరలేదు. "ఏం రంగొచ్చింది బిడ్డా?" అని అడిగేవాడు. ఎంత వచ్చినా నేను ఒకటే చెప్పేదాన్ని, నీళ్ళొచ్చినయ్ నాయినా, కాలువ నిండ వచ్చినయ్ అని. చివరి రోజున కూడా అదే అడిగాడు, అదే చెప్పాను.

నలభై ఏళ్ళు కణంలోపల కబురు ఎట్లా పోతుందో వెతికాను, సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. మా ఇంటికి అందవలసిన కబురు ఒక్కటే, ఒక్క వాక్యం, అది బెజవాడలో పారేసిన అట్టపెట్టె మీదనే ఉండిపోయింది. ఇప్పుడు ప్రతి పెట్టె మీదా మంచుపువ్వు బొమ్మ ఉంది, చదువు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేటట్టు ఉంది. ఊకను ఇప్పుడు లారీల్లో నింపి బట్టీలకు, బాయిలర్లకు పంపుతున్నారు, అందులో ఐసు దాచుకునేవాళ్ళు ఎవరూ లేరు. మంచిదే. ఈ మార్పులన్నీ నాకు సంతోషమే, కాని మా వాడికి అందలేదన్న కడుపుమంట మాత్రం ఏ మార్పుతోనూ పోవటం లేదు.

నిన్న సాయంత్రం పక్కింటి పిల్లవాడు వచ్చాడు, నా మొన్నటి కేకకు భయం తీరినట్టుంది. వాడి చేతికి బిళ్ళంత మిషను అంటించారు, దానివల్ల తల్లి ఫోనులో అంకె కనిపిస్తుందట. ఆ ఫోను పట్టుకొచ్చి గొప్పగా నాకు చూపించాడు. బాగున్న అంకె. ఎన్నో ఏళ్ళ అలవాటున నా నోట్లోంచి "ఏం రంగొచ్చిందిరా?" అన్న మాట వచ్చేసింది. "రంగేంది అమ్మమ్మా, గిదాంట్ల నంబరే ఉంటది" అని నవ్వాడు. కాలువకు నీళ్ళొచ్చినయిరా అన్నాను. వాడికి అర్థం కాలేదు, ఆటకు పరుగెత్తాడు. ఆ మాట అర్థమయ్యేవాళ్ళు నాకిప్పుడు ఎవరూ మిగల్లేదు.